నవంబరులో నెల్లూరు సదస్సుకు వస్తున్నారా? ముందు రైలు కట్టకు ఏ పక్క దిగుతున్నారో చూసుకోండి

నవంబరు మూడో వారంలో నెల్లూరులో రెండు రోజుల ఆక్వా (చేపలు, రొయ్యల సాగు) సదస్సు ఉందని, హైదరాబాదు నుంచి మీరు నలుగురు వస్తున్నారని, థాయిలాండ్ అతిథులు ఇద్దరు చెన్నైలో దిగి వచ్చి మీతో కలుస్తారని, సముద్రం కనపడే హోటల్ ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. నేను ఇక్కడ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మా దగ్గర సెమినార్ పెట్టిన ప్రతిసారీ అతిథులను దింపుకోవడం, మళ్లీ రైలెక్కించడం నా నెత్తినే పడుతుంది. ఆ అనుభవంతో చెబుతున్నా.

ముందు సముద్రం సంగతి. నెల్లూరు పెన్న ఒడ్డున ఉన్న ఊరు. ఎంత ఎత్తు మేడ మీద గది తీసుకున్నా సముద్రం కనపడదు. మైపాడు బీచికి పాతిక కిలోమీటర్ల దాకా వెళ్లాలి. ఒకసారి ఒక పెద్దాయన గదిలోకి వెళ్లగానే ఫోన్ చేసి, "మాస్టారూ, సముద్రం ఎటుపక్క?" అని అడిగారు. ఆయన కిటికీ బయట ఉన్నది నీళ్ల ట్యాంకు. కోస్తా అన్న మాటకు మోసపోవద్దు.

హోటల్ ఎక్కడైనా తీసుకోండి గానీ, అది సదస్సు హాలు ఉన్న పక్కనే ఉండాలి. పక్క అంటే రైలు కట్టకు ఆ పక్కా ఈ పక్కా అని. ఊరిని నిలువునా చీలుస్తూ రైలు కట్ట పోతుంది. అటూ ఇటూ తిరగడానికి ఆత్మకూరు బస్టాండు దగ్గర, మాగుంట లేఅవుట్ దగ్గర, రామలింగాపురం దగ్గర అండర్ బ్రిడ్జిలు ఉన్నాయి. గట్టి వాన గంటసేపు పడిందంటే అవన్నీ గుంటలే. రెండేళ్ల కిందట మా కార్యక్రమంలో మొదటి ప్రసంగం చేయాల్సిన ఆయన ఆటో అలాగే నీళ్లలో ఆగిపోయింది. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ల్యాప్‌టాప్ సంచీ నెత్తిన పెట్టుకుని అవతలి గట్టు ఎక్కి, ఇంకో ఆటో పట్టుకుని వచ్చారు. నలభై నిమిషాల ఆలస్యం. ఈలోగా వేదిక మీద స్వాగతోపన్యాసాన్ని సాగదీసింది నేనే. అప్పటినుంచి హోటల్ చూసేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న కట్టకు ఏ పక్క అనే. ఏసీ, టిఫిను లాంటివి ఆ తర్వాత.

మీరొచ్చేది నవంబరు గనక ఇంత చెబుతున్నా. హైదరాబాదులో జూన్, జులైల్లో వానలంటారు. మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం అన్న మాట వార్తల్లో వినపడిందంటే మూడు రోజులు ముసురే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, కోవూరు దగ్గర హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. విజయవాడ నుంచి మా పనికి వచ్చిన ఇద్దరు వెళ్లే దారి లేక మా ఇంట్లోనే ఉండిపోయారు. మా ఆవిడ చేతి వంట బాగుందని పైకి అన్నారు గానీ, పొద్దస్తమానం ఫోన్లో రైళ్లు చూస్తూనే ఉన్నారు పాపం. ప్రతి ఏడూ అంత వరద రాదు. అయినా తిరుగు ప్రయాణానికి ఒక రోజు అటూఇటూగా ఉండేట్టు చూసుకోండి. సదస్సు ముగిసిన రాత్రే హైదరాబాదులో పెళ్లి ఉందని పెట్టుకోకండి.

రావడం సులువే. నెల్లూరులో విమానాశ్రయం లేదు. హైదరాబాదు నుంచి విమానంలో తిరుపతికో చెన్నైకో వచ్చి, అక్కణ్ణుంచి కారు మాట్లాడుకోవడం డబ్బు దండగ. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే తెల్లారేసరికి ఇక్కడ ఉంటారు. పగలు రావాలంటే సికింద్రాబాద్ నుంచి తిరుపతి వెళ్లే వందే భారత్ ఉంది. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. చెన్నైలో దిగే మీ అతిథులకు ఒక మాట చెప్పండి: విమానాశ్రయం నుంచి మెట్రోలో నేరుగా సెంట్రల్ స్టేషన్‌కు వెళ్లి రైలెక్కితే, నూట డెబ్భై అయిదు కిలోమీటర్ల దారి సుమారు రెండున్నర, మూడు గంటలు. కారులో వస్తే చెన్నై దాటడానికే సగం ఓపిక అయిపోతుంది.

విదేశీ అతిథులకు గది ముందే మాట్లాడి ఉంచండి. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోగా వాళ్ల వివరాలు అధికారులకు పంపాలన్నది హోటళ్లకు నిబంధన. ఆ బెడద మాకెందుకని చిన్న లాడ్జీలవాళ్లు పాస్‌పోర్టు చూడగానే గదుల్లేవంటారు. అర్ధరాత్రి ఒకాయన్ను వెంటబెట్టుకుని మూడు లాడ్జీలు తిరిగాను, అందుకే చెబుతున్నా. ఇంకోటి, సదస్సుకు టూరిస్టు వీసా మీద రాకూడదు. కాన్ఫరెన్స్ వీసా అని వేరే ఉంది, దానికి నిర్వాహకుల ఆహ్వాన లేఖ కావాలి. ఆ లేఖ కోసం ఇవాళే వెంటపడండి.

ఆక్వా వాళ్లు కాబట్టి రొయ్యల గుంటలు చూడకుండా పోరని తెలుసు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో ఎటు చూసినా అవే. అయితే కారాపి గట్టు మీదికి నడిచిపోకండి. తెలిసిన రైతు ద్వారా ముందుగా అడిగి వెళ్లండి. 1994, 95ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయిన రోజులు ఇక్కడి పెద్ద రైతులెవరూ మరిచిపోలేదు. 2009లో దేశంలోకి వనామి రకం రొయ్య వచ్చాక మళ్లీ నిలదొక్కుకున్నారు, ఆ భయం మాత్రం పోలేదు. గట్టు మొదట్లో మందు నీళ్ల తొట్టి ఉంటే అందులో కాళ్లు ముంచే వెళ్లండి. ఒక గుంటలో దిగిన చెప్పులతో ఇంకొకరి గుంట దగ్గరికి వెళ్లొద్దు. చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తి చూపించమని మీరు అడగొద్దు, ఆయన చూపిస్తే చూడండి. పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టే పని, జరుగుతున్న రోజు దొరికితే అదృష్టమే. కాటా దగ్గర కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ముప్పయ్యా, నలభయ్యా అని సాగే బేరం ముందు మన పవర్‌పాయింట్లు ఎందుకూ పనికిరావు.

మైపాడుకు సాయంత్రం నాలుగింటికే వెళ్లండి. చీకటి పడితే తిరిగి రావడానికి ఆటో దొరకడం కష్టం, కాబట్టి వెళ్లిన బండినే ఆపుకోండి. నీళ్లలోకి పాదాలు తడిసేంత వరకే. లోపలికి లాగే కెరటాలు, ఏటా ప్రాణాలు పోతుంటాయి. ముసురు రోజుల్లో అయితే అసలు వద్దు.

గుడులంటారా, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి ఊళ్లోనే ఉంది, పొద్దున్నే చూసి రావచ్చు. జొన్నవాడ కామాక్షమ్మ గుడి కూడా దగ్గరే. నేలపట్టు పక్షుల కేంద్రానికి మాత్రం ఒక పూట కేటాయించండి, గంటన్నర ప్రయాణం. అక్టోబరు నుంచి గూడబాతులు (పెలికాన్లు) వచ్చి చెట్ల మీద కాపురాలు పెడతాయి. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్ లోపలికి అడగ్గానే వెళ్లలేం. రాకెట్ ప్రయోగం రోజున సందర్శకుల గ్యాలరీకైనా ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

తిండి సంగతి. చేపల పులుసు ఎక్కడ బాగుంటుందని నెల్లూరులో ఎవర్నడిగినా మా ఇంట్లో అనే అంటారు. నేనూ అంతే. హోటల్లో తినాలంటే రాత్రి పూట కాకుండా పొద్దున దోసెలోకి నిన్నటి పులుసు ఉందా అని అడగండి. మర్నాటికి ముక్క పులుపు పట్టి ఉంటుంది. మా పులుసులో మామిడికాయ పడాలి, నవంబరు దాని సీజన్ కాదు గనక అసలు రుచి వేసవిలోనే అని నా గొణుగుడు, మీరు పట్టించుకోనక్కర్లేదు. ముళ్లంటే భయపడేవాళ్లకు వంజరం చెప్పండి, మిగతావాళ్లకు బొమ్మిడాయిలు. థాయిలాండ్ వాళ్లకు పులుపూ కారమూ కొత్తేం కాదు, వాళ్ల గురించి టెన్షన్ వద్దు. మీ హైదరాబాదు వాళ్లే కారం దోసె దగ్గర కాస్త జాగ్రత్త.

మలై ఖాజా మాత్రం రైలెక్కే రోజునే కొనండి. లోపల ఉండేది మీగడ. మొదటి రోజే రెండు కిలోలు కొని గదిలో పెట్టుకున్న ఒకాయన మూడో రోజు డబ్బా తెరిచి నాకే ఫోన్ చేశారు. మళ్లీ కొనుక్కుని ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుకెళ్లి ఇచ్చొచ్చాను.