పడవ లాగేవాళ్ళు, ఉప్పు మోసేవాళ్ళు

నెల్లూరు

అబ్బయా,

నీ మెయిలూ, దానితో పంపిన కథా చదివాను. ఎంబీబీఎస్ పరీక్షల టెన్షన్‌లో కూడా పీటర్స్‌బర్గ్‌లో రష్యన్ మ్యూజియానికి వెళ్ళి, రష్యా చిత్రకారుడు రేపిన్ తొలినాటి బొమ్మలు చూసొచ్చావు, సంతోషం. కానీ వోల్గా మీద పడవ లాగేవాళ్ళ బొమ్మ గురించి "ఏడుపొచ్చింది సార్" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఏడుపు సరే, చూసిందేమిటి? ఆ తాడుకు పదకొండుమంది ఉన్నారు. నోట్లో పైపు పెట్టుకుని నడిచేవాడు ఒకడున్నాడు, గమనించావా? మధ్యలో ఆ కుర్రవాడు ఛాతీ మీది పట్టీని చేత్తో పట్టుకుని తలెత్తాడే, అతని చూపు ఎటు? కుడివైపు దూరంగా ఒక పొగ ఓడ కనబడుతుంది. మనుషులు లాగే పడవల రోజులు దగ్గరపడ్డాయని చెప్పడానికి ఆ కాస్త పొగే చాలనుకున్నాడు రేపిన్.

ఆ బొమ్మ మొదట అట్లా లేదు. 1860ల చివర్లో రేపిన్ ఇంకా పీటర్స్‌బర్గ్ చిత్రకళా అకాడమీ విద్యార్థి. అక్కడి నేవా నది మీద షికారుకు వెళ్ళి, ఒడ్డున మంచి బట్టలు కట్టుకుని తిరిగే అమ్మాయిల పక్కనుంచి మసి గుడ్డల్లో పడవ లాగుతూ పోయేవాళ్ళను చూశాడు. ఇంటికొచ్చి అట్లాగే స్కెచ్ వేశాడు, ఒక పక్క షోకులు, ఒక పక్క తాడు. దాన్ని వసీల్యెవ్ అనే చిత్రకారుడు, అతని స్నేహితుడు, చూశాడు. రేపిన్ కంటే ఆరేళ్ళు చిన్న. ఏమాత్రం మొహమాటపడకుండా, ఇది కావాలని అతికించినట్టుంది, మేమెంత దౌర్భాగ్యులమో చూడండని వీళ్ళు మనకు పాఠం చెబుతున్నట్టుంది అన్నాడు. వోల్గాకు పోదాం పద అని కూడా అన్నాడు. (అట్లాంటి స్నేహితుడు ఒకడుంటే వదులుకోకు. నీ కథకు లైకులు కొట్టేవాళ్ళ సంగతి నేను మాట్లాడను.)

1870 వేసవిలో వెళ్ళారు. సమారా దగ్గర షిర్యాయెవో అనే పల్లెలో మకాం. అక్కడ రేపిన్‌కు కానిన్ దొరికాడు, బొమ్మలో అందరికంటే ముందు, తలకు గుడ్డ చుట్టుకుని నడుస్తున్నవాడు. ఒకప్పుడు చర్చి ఫాదరు, తర్వాత తాడు పట్టాడు. ఆ ముఖంలో రేపిన్‌కు బానిసగా అమ్ముడుపోయిన గ్రీకు తత్వవేత్త కనబడ్డాడట. బొమ్మ పూర్తయ్యేసరికి 1873 వచ్చింది, మధ్యలో ఇంకోసారి వోల్గాకు వెళ్ళొచ్చాడు కూడా. షోకుల అమ్మాయిలు ఒక్కరూ మిగల్లేదు. ఆ ఏడాదే నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ దాన్ని చూసి, ఇందులో ఎవడూ నేనెంత కష్టంలో ఉన్నానో చూడమని మన మీద అరవడం లేదని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు నీ కథకు వస్తాను. మైపాడు బీచికి కారులో వచ్చిన అమ్మాయి, చేతిలో ఐస్‌క్రీమ్. తర్వాతి పేరాలో ఇస్కపల్లిలో ఉప్పు తట్ట మోసే ఆవిడ. మళ్ళీ ఐస్‌క్రీమ్, మళ్ళీ తట్ట. రేపిన్ పక్కన పెట్టేసిన స్కెచ్ ఇదే కదా. ఆ అమ్మాయిని తీసేయ్. తీసేస్తే కథలో ఏం మిగులుతుందో చూసుకుంటే, ఆ ఉప్పు ఆవిడ గురించి నీకు ఎంత తెలుసో బయటపడుతుంది. "ఆమె పాదాలు దేశ చరిత్రలా పగిలి ఉన్నాయి" అని రాశావు. డాక్టరు చదివేవాడివి, రోజంతా ఉప్పునీళ్ళలో నానిన పాదం ఎక్కడ చీలుతుందో, ఎట్లా మండుతుందో నాకంటే నీకు బాగా తెలియాలి. రాత్రికి వాళ్ళు దానికేం పూసుకుంటారు? కూలి తట్ట లెక్కనా, రోజు లెక్కనా? మేస్త్రీతో ఆవిడ ఎట్లా మాట్లాడుతుంది?

ఒక చిక్కు ఉంది. ఆ పడవవాళ్ళకూ యజమానులకూ మధ్య ఒప్పందాల సంగతి తనకేమీ పట్టలేదని, ఊరికే అడగాలి కాబట్టి అడిగానని రేపిన్ తర్వాత నిజాయితీగా రాసుకున్నాడు. అతనికి కావలసింది ముఖాలు, గుడ్డలు, వెలుతురు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య పుట్టిన జిల్లాలో ఈ మాట అంటే కొందరికి కోపం రావచ్చు. నేను మాత్రం కూలి లెక్క అడగమనే అంటాను, బొమ్మకు అక్కర్లేకపోయినా కథకు కావాలి. కానీ ముఖం చూడకుండా లెక్క ఒక్కటే రాస్తే అది మెమొరాండం అవుతుంది.

మనకూ తాడు లాగినవాళ్ళున్నారు. బకింగ్‌హాం కాలువ మీద ఉప్పూ, సరుగుడు కట్టెలూ మద్రాసుకు పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ కాకుంటే గట్టు మీద నడుస్తూ తాడు లాగడమే. సాయంత్రం గట్టున పొయ్యి పెట్టుకుని పులుసులో చింతపండు చాల్లేదని పోట్లాడుకునేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. కథ రాసేవాడికి ఆ చింతపండు గొడవ దొరకడం అదృష్టం.

మ్యూజియంలో "యాయీరు కూతురు" బొమ్మ అకాడమీ పోటీ సరుకని తీసిపారేశావు. తొందరపడ్డావు. 1871లో, ఈ పడవవాళ్ళ బొమ్మ నడుస్తుండగానే వేసిన బొమ్మ అది. చనిపోయిన యాయీరు కూతుర్ని యేసు బతికించే ఆ బైబిలు విషయం అకాడమీవాళ్ళే ఇచ్చారు, అతనికి చేయబుద్ధి కాలేదు. చివరికి చిన్నప్పుడు తన అక్క ఉస్త్యా చనిపోయిన రోజు ఇల్లు ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకున్నాకే చెయ్యి కదిలింది. పెద్ద బంగారు పతకం వచ్చింది, దానితో విదేశాలకు వెళ్ళే అవకాశమూ వచ్చింది. కాబట్టి పత్రికలవాళ్ళు పెట్టే ఉగాది కథల పోటీని చిన్నచూపు చూడకు. పేజీల లెక్కా, గడువూ వాళ్ళవే అయినా లోపల మీ ఇల్లు పెట్టుకోవచ్చు.

ఈసారి మ్యూజియానికి వెళితే పడవవాళ్ళ బొమ్మ ఎదురుగా గంట కూర్చో, పదకొండుమందిలో ఒక్కణ్ణే ఎంచుకుని నాకు పేజీ రాసి పంపు. "విషాదం" అన్న మాట వాడకుండా రాయి.

సెలవులకు వచ్చాక ఇస్కపల్లి వెళ్ళు. ఈశాన్య వానలు దిగితే ఉప్పు పని ఆగిపోతుంది, ఆలోపే పోవాలి. తెల్లవారుజామునే చేరుకో, మొదటిరోజు ఫోన్ బయటికి తీయకు, వాళ్ళు తట్ట ఎత్తిపెట్టమంటే ఎత్తు. టోపీ పెట్టుకుని నీళ్ళ సీసా పట్టుకుపో. ఎండదెబ్బ తగిలిందంటే మీ అమ్మ నిన్ను వదిలేసి నన్ను తిడుతుంది.

ఇట్లు
మీ సార్