క్యాథలిక్ మగపిల్లల స్కూల్లో ఇంటివాళ్లకు సంగతులు తెలుస్తాయా?

ప్రశ్న ఇది: "మా అబ్బాయిని ఆరో తరగతికి క్యాథలిక్ ఫాదర్లు నడిపే మగపిల్లల హైస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. మేం క్రైస్తవులం కాదు. అక్కడ ఏం జరుగుతోందో మాకు ఎప్పటికప్పుడు తెలుస్తుందా? తల్లిదండ్రుల్ని గేటు దగ్గరే ఆపేస్తారని విన్నాం, నిజమేనా?"

కృష్ణా జిల్లాలో అలాంటి ఒక స్కూల్లోనే నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయిలిద్దరూ అక్కడే చదివారు. అందుకని, తల్లిదండ్రులు వచ్చి టీచర్లని కలిసే ఓపెన్ డే రోజున టీచరు కుర్చీలోనూ కూర్చున్నాను, తండ్రి కుర్చీలోనూ కూర్చున్నాను.

గేటు సంగతి నిజమే. క్లాసులు జరిగే వేళ అనుమతి లేకుండా లోపలికి పంపరు. పంపకూడదు కూడా. సమాచారం అంటారా, దానికి లోటుండదు. డైరీలో రిమార్కులు, సర్క్యులర్లు, యూనిట్ టెస్ట్ మార్కులు, ప్రోగ్రెస్ కార్డు అన్నీ వేళకి వస్తాయి. ఈ విషయంలో ఫాదర్ల స్కూళ్లు చాలా పద్ధతిగా ఉంటాయి. నాకున్న బాధల్లా ఒకటే. ఆ కాగితం ఇంటికి చేరుతుంది. ఇంట్లో పిల్లాణ్ణి రోజూ చూసుకునే మనిషికి చేరుతుందా?

ఒక ఏడు హాఫ్ ఇయర్లీ పరీక్షల తర్వాత ఓపెన్ డే పెట్టారు. హాల్లో బల్లలు వేసి, ఒక్కో సబ్జెక్టు టీచరు ముందు ప్రోగ్రెస్ కార్డుల కట్టలు పెట్టారు. నా పక్క బల్ల లెక్కల సారుది. ఆయనది కేరళ. పాఠం అద్భుతంగా చెబుతారు కానీ తెలుగు అంతంతమాత్రం. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వాళ్ల నాయనమ్మని వెంటబెట్టుకొచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ కువైట్‌లో ఉన్నారు, ఆవిడ ఇళ్లల్లో పనికి, ఆయన డ్రైవరుగా. మా వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి అలా వెళ్లినవాళ్లు ఊరికి ఎందరో.

లెక్కల సారు కార్డు తెరిచి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. వందకి ఇరవై ఒకటి వచ్చాయి, హోంవర్క్ తేవడం లేదు, మధ్యాహ్నం క్లాసులో నిద్రపోతున్నాడు, ఇంట్లో కాస్త కూర్చోబెట్టాలి అని. పెద్దావిడ పిల్లాడి వైపు చూసింది. వాడు తడుముకోలేదు. "బాగా చదువుతున్నానంట నాయనమ్మా. ఇంకొంచెం కష్టపడితే ఫస్టొస్తానంటున్నారు సారు" అన్నాడు.

ఆవిడ మొహం ఎలా వెలిగిపోయిందో నాకిప్పటికీ గుర్తే. పైట చెంగు సర్దుకుని, గుడ్డ సంచిలోంచి సపోటాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీరే కనిపెట్టి చూసుకోవాల బాబూ. ఆళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఈడి చదువే అడుగుద్ది" అంది. లెక్కల సారు ఆవిడ విషయం అర్థం చేసుకుందనుకుని దణ్ణం పెట్టారు.

నేను లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. "మామ్మగారూ, సారు చెప్పింది ఇంకోసారి నేను చెబుతాను, వినండి" అని మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్లాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి ఒక్క మాట అనలేదు. కార్డు తన వైపు తిప్పుకుని, మొదటి పరీక్షల గడిలో ఉన్న సంతకం మీద వేలు పెట్టింది. "ఇదెవరు పెట్టారు బాబూ? నేను తెలుగులో పెడతాను సంతకం. ఇది నాది కాదు" అంది. అక్కడ ఇంగ్లీషులో గొలుసుకట్టుగా, కింద గీతతో సహా, ముచ్చటైన సంతకం ఉంది.

స్కూలు రికార్డు ప్రకారం ఆ ఇంటికి అంతా తెలియజేశారు. సంతకం ఉందిగా! డైరీలోనూ ఉంది, సర్క్యులర్ కింద చింపి పంపే ముక్క మీదా ఉంది. స్కూలుకీ ఇంటికీ మధ్య మనిషిగా మనం పెట్టుకున్నది ఆ పిల్లాణ్ణే. పద్నాలుగేళ్లవాడు తన మీద ఫిర్యాదుని తనే మోసుకెళ్లి నిజాయితీగా అప్పగిస్తాడని నమ్మడం పెద్దవాళ్ల తప్పు. వాడిది కాదు.

అప్పటి ప్రిన్సిపాల్ ఫాదర్ గారు వాణ్ణి సస్పెండ్ చేయలేదు. నన్ను పిలిపించి కూర్చోబెట్టి, 1965లో రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచ క్యాథలిక్ బిషప్పుల సభ, విద్య మీద చేసిన ప్రకటన సంగతి చెప్పారు. పిల్లలకి మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని అందులో ఉంది. మరి ఈ ఇంట్లో ఆ చోటు నాయనమ్మది కదా, మనం రాసే ఉత్తరం ఆవిడకి అర్థం కావాలి కదా అన్నారు. మర్నాటి నుంచే సర్క్యులర్ ఒక వైపు ఇంగ్లీషులో, రెండో వైపు తెలుగులో వెళ్లడం మొదలైంది. ఆ రెండో వైపు రాసే పని నాకు పడింది. నా ఉద్యోగంలో నేను బాగా చేశానని చెప్పుకోదగ్గ పని అదే. తర్వాతి ఏడు అడ్మిషన్ ఫారంలో కొత్త గడి ఒకటి పెట్టించారు: పిల్లాణ్ణి ఇంట్లో రోజూ చూసుకునేది ఎవరు, వారికి ఏ భాష చదవడం వచ్చు. తాతలు, మేనత్తలు, పెద్దన్నయ్యలు ఎందరి పేర్లు వచ్చాయో!

ఆ పిల్లాడి తల్లితో కూడా మాట్లాడాం. కువైట్‌లో శుక్రవారం సెలవు. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. స్టాఫ్ రూం నుంచి వీడియో కాల్ చేశాం. ఆవిడ మార్కులు అడగలేదు. "వీడి రాత ఎలా ఉంటుంది సార్? నేను వచ్చేటప్పటికి పలక మీద రాసేవాడు" అంది. నేను వాడి తెలుగు నోట్సు తెరిచి కెమెరాకి దగ్గరగా పెట్టాను. ఆవిడ ఒక్కో లైనూ పైకి చదువుకుంది. అప్పటి నుంచి నెలకోసారి ఒక పేజీ ఫొటో తీసి పంపేవాళ్లం. లెక్కల సారు కూడా పంపేవారు, తప్పులతో సహా. పదో తరగతిలో లెక్కలు గట్టెక్కాడు.

ఇప్పుడు యాప్ వచ్చిందిగా, ఇవన్నీ ఎందుకు అంటారు కొందరు. ఈ యాప్‌ల మీద నాకు గౌరవం లేదు. ఫీజులో దానికో పద్దు వేస్తారు, అందులో వచ్చేదంతా ఇంగ్లీషే. ఇంట్లో ఆ ఫోను పాస్‌వర్డ్ తెలిసింది పిల్లాడికే. గొలుసుకట్టు సంతకం నేర్చుకోవాల్సిన కష్టం కూడా వాడికి తప్పింది. వాట్సాప్ గ్రూపులైతే మరీ అన్యాయం. రేప్పొద్దున చార్ట్ పేపర్ తేవాలని రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్ పెడతారు. దాని కింద వంద నమస్కారాలు, గుడ్ మార్నింగులు. అసలు విషయం ఎక్కడో పైన పడి ఉంటుంది. ఇక కార్పొరేట్ కాలేజీలు వారం వారం ర్యాంకు ఎస్సెమ్మెస్ పంపి పంపి, సమాచారమంటే అంకెలేనని మన జనానికి అలవాటు చేశాయి. అంకె చూసి పిల్లాణ్ణి కొట్టడం తప్ప ఇంటివాళ్లు చేయగలిగిందేముంది?

మగపిల్లల స్కూళ్ల మీద నాకింకో ఫిర్యాదు కూడా ఉంది. తల్లుల్ని ఫుడ్ స్టాల్ పెట్టడానికి పిలుస్తారు, తండ్రుల్ని కిటికీ అద్దం పగిలినప్పుడు పిలుస్తారు. "రేపు మీ నాన్నని తీసుకురా" అన్న మాట మన దగ్గర బెదిరింపుగానే మిగిలిపోయింది. కొడుకు ఏ బెంచీలో కూర్చుంటాడో, పక్కన ఎవరు కూర్చుంటారో తెలియని తండ్రులే ఎక్కువ. మగపిల్లాడికి పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో తండ్రి స్కూలుకి ఊరికే, ఏ గొడవా లేకుండా, ఒక్కసారి వస్తే వాడి నడక మారుతుంది. ఇది నేను కళ్లారా చూసిన విషయం. ఓపెన్ డేకి మొహం చాటేసే తండ్రులు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ దగ్గర జరిగే మేరీమాత తిరునాళ్లకి మాత్రం కుటుంబంతో వచ్చేవారు, హిందువులూ ముస్లింలూ కూడా. ఫాదర్ గారు ఆ కొండ దగ్గరే వాళ్లని పట్టుకుని, పిల్లాడి సంగతులు మాట్లాడేవారు.

మీరు క్రైస్తవులు కాదన్నారు కదా. దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి. క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం క్లాసుకి, అంటే వాళ్ల మత పాఠాలకి, వెళ్లే పీరియడ్‌లో మిగతావాళ్లకి మోరల్ సైన్స్ ఉంటుంది. మా స్కూల్లో ఎక్కువమంది హిందువుల పిల్లలే.

ఒక్క విషయం మాత్రం తెలిసి చేర్చండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ స్కూళ్లలో మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఫాదర్ల స్కూళ్ల లాంటి మైనారిటీ స్కూళ్లకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. కాబట్టి ఇలాంటి స్కూల్లో మీకు దక్కే చోటు చాలావరకు ప్రిన్సిపాల్ మనసు మీద, మీరు అడిగే తీరు మీద ఆధారపడి ఉంటుంది. ఫాదర్లకి బదిలీలు కూడా ఉంటాయి. ఒకాయన మొదలుపెట్టిన మంచి పద్ధతి తర్వాతాయన వచ్చాక ఆగిపోవచ్చు. మా తెలుగు సర్క్యులర్ అలాగే ఒకసారి ఆగింది. తల్లులు కొందరు కలిసి వెళ్లి అడిగితే మళ్లీ మొదలైంది.

అందుకే అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఫీజు, బస్సు సంగతులతో పాటు ఇవీ అడగండి. సర్క్యులర్ తెలుగులో ఇస్తారా? పిల్లాడి ప్రమేయం లేకుండా క్లాస్ టీచరుతో మాట్లాడాలంటే ఏ రోజు, ఏ టైముకి రావాలి? వరసగా ఎన్ని రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తారు, ఏ నంబరుకి చేస్తారు? ఆ నంబరు మీ అబ్బాయి చేతిలో ఉండే ఫోనుది ఇవ్వకండి. మీ ఇంట్లో సాయంత్రం పూట వాణ్ణి చూసుకునేది అత్తగారో, అమ్మగారో అయితే ఆవిడని కూడా ఆ రోజు వెంట తీసుకెళ్లి క్లాస్ టీచరుకి పరిచయం చేయండి.