లార్డ్ షాఫ్ట్స్‌బరీ ఎవరు? ప్రభు కుటుంబంలో పుట్టినవాడు కార్మికుల కోసం ఎందుకు పోరాడాడు?

ఈయన అసలు పేరు ఆంథొనీ ఆష్లీ కూపర్, ఏడో షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ (ఎర్ల్ అంటే బ్రిటన్‌లో వంశపారంపర్యంగా వచ్చే ప్రభు బిరుదు). 1801లో లండన్‌లో పుట్టాడు. ఇంట్లో సంపదకు లోటు లేదు గానీ తల్లిదండ్రుల ప్రేమ దక్కలేదు. ఆ పసివాణ్ణి దగ్గరకు తీసి ప్రార్థనలు నేర్పింది మరియా మిల్లిస్ అనే పనిమనిషి. ఆయన జీవితాంతం నిలిచిన దైవభక్తికి, దిక్కులేని పిల్లల మీద జాలికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

1826లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. తండ్రి బతికుండగా ఆయన్ని లార్డ్ ఆష్లీ అనేవారు. అసలైన ప్రభువులు లార్డ్స్ అనే ఎగువ సభలో ఉండేవారు. ఈయనది మర్యాదకు వాడే బిరుదు మాత్రమే కాబట్టి, ప్రజలు ఎన్నుకునే కామన్స్ సభలో కూర్చోగలిగాడు. 1842లో ఆయన తెచ్చిన గనుల చట్టం ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను భూగర్భంలో పని చేయించకూడదంది.

బట్టల మిల్లుల్లో స్త్రీలకు, 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు పది గంటలే పని ఉండాలని ఏళ్ల తరబడి పోరాడాడు. కానీ 1846లో ధాన్యం దిగుమతి సుంకాలు ఉండాలన్న అభిప్రాయం మార్చుకుని, ఓటర్లకిచ్చిన మాట తప్పినట్టవుతుందని సీటే వదులుకున్నాడు. దాంతో 1847లో ఆ బిల్లు నెగ్గినప్పుడు సభలో లేడు. దాన్ని నడిపించింది మిల్లు యజమాని, పార్లమెంటు సభ్యుడు జాన్ ఫీల్డెన్. ఈ రాజీనామా వల్లే ఆయనంటే నాకు గౌరవం ఎక్కువ.

1851లో తండ్రి పోయాక ఎర్ల్ అయ్యాడు. మానసిక రోగుల సంరక్షణ, పేదపిల్లల బడుల కోసం కూడా దశాబ్దాలు పనిచేశాడు. పొగగొట్టాలు తుడవడానికి పసిపిల్లల్ని వాడే పద్ధతిని అరికట్టే చట్టాన్ని 1875లో సాధించాడు. 1885లో మరణించాడు.