రాజీ కాగితం మీద సంతకం పెట్టవద్దు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. సర్పంచిగా ఉన్న మా నాన్నను ఎన్నికల కక్షతో చంపారు. తొంభై రోజులు దాటినా పోలీసులు ఛార్జిషీటు వేయలేదు, మొదటి నిందితుడికి బెయిలు వచ్చింది. ఇప్పుడు మా వీధిలోనే తిరుగుతున్నాడు. చూసిన సాక్షులు ముఖం చాటేస్తున్నారు. పొలం ఇప్పిస్తాం, రాజీ పడమని పెద్దమనుషులు అంటున్నారు. నాన్న బదులు అమ్మను సర్పంచిని చేస్తారా? ఆయన సొంత డబ్బుతో వేయించిన మురుగు కాలువ బిల్లు కూడా రాలేదు.

జవాబు: అమ్మా, ముందు పెద్దమనుషుల సంగతి. హత్య రాజీకి వీలున్న నేరం కాదు. నేర దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌ జాబితాలో అది లేదు. మీరు సంతకం పెట్టినంత మాత్రాన కేసు పోదు. కానీ రేపు మీరు బోనెక్కినప్పుడు అవతలి వకీలు ఆ కాగితమే తీసి, పొలం కోసం ఈ పేరు ఇరికించారు కదా అంటాడు.

ఇక బెయిలు. కేసులో బలం లేదని ఇచ్చింది కాదది. తొంభై రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే 187వ సెక్షన్ కింద నిందితుడు అడిగి తీసుకునే హక్కు. గడువు దాటించిన దర్యాప్తు అధికారి గురించి నా అభిప్రాయం రాస్తే సంపాదకులు అచ్చు వేయరు. అయితే ఆ బెయిలుకు తిరుగులేదని అనుకోకండి. వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసులో సుప్రీంకోర్టు 2023 జనవరి 16న ఈ సంగతే తేల్చింది: తర్వాత వేసిన ఛార్జిషీటులో బలమైన ఆధారాలు కనిపిస్తే ఇలా వచ్చిన బెయిలును కూడా రద్దు చేయవచ్చు. సాక్షులను బెదిరిస్తే సరేసరి. 483వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ పిటిషన్ వేయండి.

అందులో ‘బెదిరిస్తున్నాడు’ అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు. ఫలానా తేదీ సాయంత్రం బొడ్రాయి దగ్గర బండి ఆపి, ‘మీ తమ్ముడు ఏ బస్సులో కాలేజీకి పోతాడో నాకు తెలుసు’ అన్నాడు, పక్కన ఫలానావారు ఉన్నారు అని రాయాలి. ఈ రోజే ఒక నోటుబుక్కు కొని మొదలుపెట్టండి.

సాక్షుల వాంగ్మూలాలు 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు నమోదు చేయించమని పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. 2018 సాక్షుల రక్షణ పథకం కింద సాక్షులే దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయించే కమిటీకి జిల్లా జడ్జి అధ్యక్షులు. ప్రమాదం ఎంతో డీఎస్పీ ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వ న్యాయవాదికి సాయంగా మీ వకీలును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఇస్తారు. 396వ సెక్షన్ కింద పరిహారానికీ అక్కడే అడగాలి.

సర్పంచి పదవి వారసత్వంగా రాదు. ఉపఎన్నిక జరిగేదాకా ఉపసర్పంచి బాధ్యతలు చూస్తారు. రిజర్వేషన్ కుదిరితే మీ అమ్మగారు పోటీ చేయవచ్చు, అంతే.

బిల్లు మాత్రం మీ నాన్నగారితో పోదు, వారసులకు రావలసిన బాకీ. పని కొలతల పుస్తకం ఎం.బుక్‌లో ఇంజనీరు రాసిన కొలతలు, పంచాయతీ తీర్మానం నకళ్లు సమాచార హక్కు కింద వెంటనే తీసుకోండి. మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికీ దరఖాస్తు పెట్టండి. ఇలాంటి బాకీకి దావా గడువు మామూలుగా పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లే.