పేరులో ఇమ్యునాలజీ లేకపోయినా ఫర్వాలేదు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది. టీకాలు, రోగనిరోధక కణాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఇమ్యునాలజీ పేరుతోనే డిగ్రీ చేయాలా? స్థిరపడటానికి ఎన్నేళ్లు పడుతుంది? ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇమ్యునాలజీ అని రాసున్న డిగ్రీ కోసం వెతకాల్సిన పనిలేదండీ. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, జువాలజీ – వీటిలో ఏ ఎమ్మెస్సీ చేసినా పీహెచ్‌డీలో ఇటు రావచ్చు. మీరు అడిగి తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఆ కాలేజీలో నిరుటి విద్యార్థులు చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేశారు? సొంత చేతులతో చేశారా, డబ్బు కట్టి రిపోర్టు తెచ్చుకున్నారా? రెండో మాట వినిపిస్తే ఆ సీటు వదులుకోండి.

తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) సాయంతో నడిచే బయోటెక్ సీట్లకు గ్యాట్-బి ప్రవేశ పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. మీరు డబ్బు పంపక్కర్లేదు గానీ, ఇంటికి పెద్దగా పంపగలిగేంతా మిగలదు. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) రెండు మూడేళ్లు. ముప్పై దాటాకే స్థిరమైన ఉద్యోగం అనుకుని ఒప్పుకోండి. పెళ్లి మాట మధ్యలో తెచ్చి చదువు ఆపించే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆమెతో మాట్లాడుకోవడం మంచిది.

ఇక పని ఎలా ఉంటుందో చూడండి. టీకా వేసుకున్న మనిషి నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం వస్తుంది. దాన్ని అంతే పరిమాణం పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో పలచన చేసి, ట్యూబు వాల్చిపట్టి, కణాలను బరువును బట్టి వేరుచేసే ఫైకాల్ ద్రవం మీద పొరలా నెమ్మదిగా జారవిడవాలి. గది ఉష్ణోగ్రతలో 400 జీ (భూమ్యాకర్షణకు 400 రెట్లు) బలంతో 30 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. బ్రేక్ ఆఫ్ చేయడం మరిచిపోతే, ఆగేటప్పటి కుదుపుకు పొరలన్నీ కలిసిపోతాయి. సరిగ్గా చేస్తే మధ్యలో పలచటి తెల్లని పొర తేలుతుంది. రోగనిరోధక కణాలైన టీ కణాలు, బీ కణాలు అందులోనే ఉంటాయి, మొత్తం సుమారు కోటి కణాలు. వాటికి మెరిసే యాంటీబాడీలు అంటించి, ఒక్కో కణాన్నీ గుర్తించే ఫ్లో సైటోమీటర్ యంత్రంలో లెక్కపెట్టేటప్పుడు చచ్చిన కణాలను గుర్తించే రంగు కూడా వేయాలి. చచ్చిన కణం ఏ యాంటీబాడీనైనా అంటించుకుంటుంది కాబట్టి, రంగు వేయకపోతే లేని స్పందన ఉన్నట్టు కనబడుతుంది. బూస్టర్ తర్వాత యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మాబ్లాస్టులు రక్తంలో ఎక్కువగా కనిపించేది దాదాపు ఏడో రోజున, ఆ తర్వాత త్వరగానే తగ్గిపోతాయి. ఆ రోజు దసరా అయినా ల్యాబ్‌లో ఉండాల్సిందే. ఇంత ఓపిక ఆమెకు ఉందో లేదో ఒక్క వేసవి ఇంటర్న్‌షిప్‌లో తెలిసిపోతుంది.

ఈ చదువు ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే టైఫాయిడ్ టీకా చూడండి. బాక్టీరియా పైపూతలోని చక్కెర పదార్థంతో చేసిన పాత టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయలేదు, ఎందుకంటే దానికి టీ కణాల సాయం అందదు. అదే చక్కెరను టెటనస్ టాక్సాయిడ్ ప్రొటీన్‌కు అతికిస్తే టీ కణాలు రంగంలోకి దిగుతాయి, జ్ఞాపకమూ నిలుస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత ఆమోదం) పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ (ఇలా ప్రొటీన్‌కు అతికించిన) టీకా అలా తయారైందే, అదీ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో. ఎంత గొప్ప సంగతి!

ఉద్యోగాల విషయానికొస్తే, భారత్ బయోటెక్, బయొలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ మూడూ హైదరాబాద్‌వే. క్వాలిటీ కంట్రోల్‌లో ఎలైజా (యాంటీబాడీలు, ప్రొటీన్లు కొలిచేది), పొటెన్సీ (టీకా బలం చూసేది) పరీక్షలకు ఎమ్మెస్సీ చాలు. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. దానికి ఢిల్లీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ, ఫరీదాబాద్‌లోని ఆరోగ్య పరిశోధన సంస్థ టీహెచ్‌ఎస్‌టీఐ, బెంగళూరు ఐఐఎస్సీ మంచివే. కానీ సంస్థ పేరు కంటే గైడు ముఖ్యం. ఆయన దగ్గర పూర్తిచేసిన విద్యార్థులతో విడిగా మాట్లాడి, ఎన్నేళ్లు పట్టిందో అడగమనండి.

ఈ ఏడాది రెండు పనులు చాలు. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయమనండి. రోజుకో గంట స్టాటిస్టిక్స్, దానికి వాడే ఆర్ (R) అనే కంప్యూటర్ భాష నేర్చుకోమనండి. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలు చివరికి ఇబ్బంది పడేది ఫలితాలు విశ్లేషించేటప్పుడే.