నొప్పి ఎడమ వైపు లేదని గ్యాస్ మాత్రతో సరిపెట్టొద్దు

ప్రశ్న: నా వయసు 48. ఆరేళ్లుగా షుగర్ ఉంది. రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఎడమ చనుమొన కింద గుండె కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది. గుండె పెరిగిందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు గుండె ఛాతీలో సరిగ్గా ఎక్కడుంటుంది? నెల రోజులుగా మెట్లెక్కితే రొమ్ము మధ్యలో, కడుపు పైభాగాన బరువుగా ఉంటోంది. ఆగితే తగ్గుతోంది. ఎడమ వైపు నొప్పి లేదు కాబట్టి గ్యాస్ అనుకుని ప్యాంటాప్రజోల్ వాడుతున్నాను. మా బావగారు గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర కొని జేబులో పెట్టుకోమంటున్నారు.

జవాబు: మీరు చివర్లో గ్యాస్ అని తేల్చేసిన ఆ బరువు గురించే ముందు మాట్లాడాలి. మెట్లెక్కితే రావడం, ఆగితే తగ్గడం, పైగా షుగర్. చూడకుండా ఇది గుండె జబ్బేనని చెప్పలేను. కానీ కాదని తేలేదాకా యాంజైనాగానే, అంటే గుండె కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పిగానే భావించాలి. అదీ నెల రోజుల కిందటే మొదలైందంటే ఇంకా జాగ్రత్తపడాలి. ఇవాళే వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

గుండె ఎడమ వైపు ఉంటుందన్నది సగం నిజమే. అది రొమ్ము ఎముక వెనకే ఉంటుంది. సుమారు రెండు వంతులు ఎడమకు, ఒక వంతు కుడికి. దాని కుడి అంచు రొమ్ము ఎముక దాటి కాస్త కుడి వైపుకి కూడా వస్తుంది. గొంతు కింది గుంటలో వేలు పెట్టి ఎముక మీదుగా కిందికి జరపండి. రెండంగుళాల దూరంలో చిన్న గట్టు తగులుతుంది. రెండో పక్కటెముక కలిసేది అక్కడే. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని వంపు మొదలయ్యేదీ, ముగిసేదీ ఆ ఎత్తులోనే. ఆ ధమని కవాటం చప్పుడు వినడానికి రొమ్ము ఎముకకు కుడి పక్కన స్టెత్ పెడితే, 'గుండె ఇటు కదా డాక్టర్' అని పేషెంట్లు ఎడమ వైపు చూపిస్తుంటారు. కవాటం ఉన్నది ఎముక వెనకే. రక్తం పారే దారిలో చప్పుడు అక్కడికి చేరుతుంది.

మీ చేతికి తెలుస్తున్నది గుండె కొన. ఎడమ కాలర్ ఎముక మధ్య నుంచి నిలువుగా కిందికి వస్తే, అయిదు, ఆరు పక్కటెముకల మధ్య సందులో ఉంటుంది. ఎడమకు తిరిగి పడుకుంటే అది ఛాతీ గోడకు దగ్గరవుతుంది. సరిగ్గా తగలకపోతే మేమే పేషెంట్‌ని అలా తిప్పి చూస్తాం. ఒక్క దాన్నిబట్టి గుండె పెరిగిందని అనుకోనక్కర్లేదు. గుండెకు చేసే స్కానింగ్ 2డి ఎకోలో ఎలాగూ తెలుస్తుంది.

గుండె అడుగుభాగం ఛాతీనీ కడుపునీ వేరుచేసే కండరం డయాఫ్రం మీద ఆని ఉంటుంది. దాని కిందే జీర్ణాశయం. అందుకే ఆ భాగానికి రక్తం తగ్గితే బాధ కడుపు పైభాగాన తెలుస్తుంది, వాంతి వస్తుంది, అజీర్ణం అనిపిస్తుంది. రాత్రంతా సోడా, జీలకర్ర నీళ్లు, గ్యాస్ మాత్రలతో గడిపి తెల్లారాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. 'ఎక్కడ నొప్పి' అని అడిగితే ఎడమ వైపు చూపించరు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో ఆనిస్తారు. రక్తనాళం మూసుకున్నాక గడిచే ప్రతి గంటకీ గుండె కండరం చచ్చిపోతుంటుంది. ఆ రాత్రి పోయినదాన్ని నేను తిరిగి తేలేను.

సార్బిట్రేట్ సంగతి. మీ బావగారిది మంచి మనసే, కానీ డాక్టర్ రాయకుండా వేసుకోవద్దు. అది బీపీని తగ్గిస్తుంది. గుండె అడుగుభాగంలో వచ్చే పోటు కొందరిలో కుడి జఠరికకూ (గుండె కుడి వైపు కింది గదికి) పాకుతుంది. అలాంటప్పుడు ఈ మాత్ర వేస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ప్యాంటాప్రజోల్‌తో తగ్గినట్టు అనిపించినా నమ్మొద్దు. మీరు ఆగారు కాబట్టి తగ్గి ఉండొచ్చు.

ఈసీజీ నార్మల్ వచ్చిందని ఇంటికి వచ్చేయకండి. నొప్పి లేనప్పుడు తీస్తే చాలామందికి నార్మలే వస్తుంది. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, ఎకో, తర్వాత ట్రెడ్‌మిల్ పరీక్షా, రక్తనాళాల్లో అడ్డంకులు చూసే యాంజియోగ్రామా అన్నది మిమ్మల్ని చూసిన కార్డియాలజిస్ట్ నిర్ణయిస్తారు. అప్పటిదాకా మెట్లు, బరువులు వద్దు. కూర్చున్నప్పుడు కూడా బరువు వచ్చి పది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి బండి మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు. వాడుతున్న షుగర్ మందుల స్ట్రిప్పులు, పాత ఈసీజీ ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి.