‘అనుమానం’ అనే మాటకు ఇప్పటి అర్థం ఎలా వచ్చింది?

హిందీలో ‘అనుమాన్’ అంటే అంచనా, తెలుగులో అనుమానం అంటే శంక. ఒకే మాటకు ఇంత తేడా ఎందుకన్నది ప్రశ్న.

మూలం సంస్కృతం. ‘అను’ అంటే వెంబడి, తరువాత. ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. కనిపించినదాన్ని ఆధారం చేసుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడమే అనుమానం. తర్కానికి పేరుపడ్డ ప్రాచీన భారతీయ తత్త్వశాఖ న్యాయదర్శనం. అది అంగీకరించిన నాలుగు ప్రమాణాల్లో, అంటే సరైన జ్ఞానం పొందే మార్గాల్లో, ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం) తరువాతి స్థానం అనుమానానిదే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని నిశ్చయించడం దీనికి పేరుపడ్డ ఉదాహరణ. అంటే శాస్త్రంలో ఇది సందేహాన్ని తీర్చే సాధనం! తెలుగు వాడుకలో సందేహానికే పేరైంది. తగిన ఆధారం లేని ఊహను కూడా అనుమానమనడం వల్లే ఈ మలుపు వచ్చిందని నా అభిప్రాయం. ‘అనుమానితుడు’, ‘అనుమానాస్పద మృతి’ వంటి పత్రికల మాటల్లో ఉన్నది ఈ కొత్త అర్థమే. తర్కశాస్త్ర గ్రంథాల్లో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు.